దూరం నడిచిన గుర్రం, దాన్ని నడిపించిన చేయి

(శతజయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నూరేళ్ల పండుగ చేసుకుంటున్న ఈ సభలో నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందు మాట్లాడినవారు స్థాపకుల గురించి, మందిరాల గురించి, పాఠశాలల గురించి చక్కగా చెప్పారు. నేను ఒక గుర్రం గురించి చెప్పదలచుకున్నాను. కార్యక్రమ పత్రంలో నా అంశం చూసి కొందరు నవ్వుకున్నారని విన్నాను. నవ్వినా ఫరవాలేదు గాని, చివరి వరకు వినండి. మన పెద్దలు ఏ ఊరికి వెళ్లినా వారి కాళ్ల కింద ఏదో ఒక మూగజీవి ఉండేది. గుర్రమో, ఎద్దో, గాడిదో లేకుండా వారి పని సాగలేదు. వారిని జ్ఞాపకం చేసుకొనేటప్పుడు వారిని మోసినదాన్ని మరచిపోవడం న్యాయం కాదని నా మనవి.

మనం కూర్చున్న ఈ ప్రాంతం ఒకప్పుడు గుర్రాల ప్రాంతం. ఈ రోజు చాదర్‌ఘాట్ అంటే మూసీ మీది వంతెన, దాని ఇరుపక్కల రద్దీ మాత్రమే మన మనసుకు వస్తాయి. పూర్వం ఆ పేరు చాలా విశాలమైనది. నదికి ఉత్తరాన ఉన్న కోఠీ, గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్ ప్రాంతాలన్నీ చాదర్‌ఘాట్ కిందే లెక్క. చాదర్‌ఘాట్‌కు వేరే పురపాలక సంఘం కూడా ఉండేది. 1933లో దాన్ని హైదరాబాదుతో కలిపారు. 1803లో పని మొదలైన రెసిడెన్సీ భవనం ఇక్కడే ఉంది. మన ఆడపిల్లలు దశాబ్దాలుగా చదువుకుంటున్న కోఠీ మహిళా కళాశాల అదే. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. 1831లో కట్టిన చాదర్‌ఘాట్ వంతెన దాటితే మలక్‌పేట. 1886లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో గుర్రప్పందాలు మౌలాలీ నుండి అక్కడికే మారాయి.

పేటల పేర్లు చూడండి. నాంపల్లి దాటగానే ఏ.సి. గార్డ్స్ అంటాం. అది నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే గుర్రపు దళం పేరు. మాసబ్ ట్యాంకు దగ్గర ఫస్ట్ లాన్సర్ ఉంది. లాన్సర్ అంటే బల్లెం పట్టిన రౌతు. బొల్లారంలో రిసాలా బజార్ ఉంది. రిసాలా అంటే గుర్రపు దళం. గోషామహల్‌లో పోలీసువారి గుర్రపుశాలలు ఉన్నాయి. గుర్రాలు పోయాయి, పేర్లు మిగిలాయి. ఆ పేర్లు రోజుకు పదిసార్లు పలుకుతాం గాని వాటి వెనుక డెక్కల చప్పుడు మనకు వినబడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. గుర్రం గొప్పదనం రెండు రకాలు. ఒకటి వేగం, రెండవది ఓర్పు. మలక్‌పేట మైదానంలో మనవాళ్లు చూసేది వేగం. అక్కడ పందెం కిలోమీటరో, రెండు కిలోమీటర్లో, కొంచెం ఎక్కువో ఉంటుంది. రెండు మూడు నిమిషాలలో అంతా తేలిపోతుంది. ఓర్పుగల గుర్రం కథ వేరు. అది ఈ రోజు ముప్ఫై కిలోమీటర్లు నడవాలి, రేపు మళ్లీ లేచి నడవాలి, ఎల్లుండి కూడా నడవాలి. చివరి రోజున కూడా కుంటకుండా, కడుపు నొప్పి లేకుండా, మేత తింటూ నిలబడి ఉండాలి. వేగం గుర్రానిదే. ఓర్పులో మాత్రం సగం గుర్రానిది, సగం దానిని నడిపించే చేతిది. ఈ ఒక్క సంగతి మీతో చెప్పాలనే నేను ఇక్కడ నిలబడ్డాను.

అలాంటి ఒక గుర్రం కథ చెబుతాను. దాని పేరు వోనోలెల్. తెల్లని బూడిదరంగు అరబ్బు గుర్రం. ఎత్తు 14 చేతులు 2 అంగుళాలు, అంటే భుజం దగ్గర సుమారు నాలుగడుగుల పది అంగుళాలు. చూడడానికి పెద్దదేమీ కాదు. 1877లో బొంబాయిలో ఫ్రెడరిక్ రాబర్ట్స్ అనే సేనాని దానిని కొన్నాడు. అప్పటికి దానికి ఐదేళ్లు కూడా సరిగా నిండలేదు. రాబర్ట్స్ అంతకు ముందు 1871–72లో లుషాయి కొండల దండయాత్రలో పాల్గొన్నాడు. ఆ కొండలలోని ఒక నాయకుని పేరు వోనోలెల్. ఆ పేరే గుర్రానికి పెట్టుకున్నాడు.

1880 ఆగస్టులో ఆఫ్ఘన్ యుద్ధం జరుగుతున్నప్పుడు కందహార్‌లో చిక్కుకున్న సైన్యాన్ని విడిపించడానికి రాబర్ట్స్ కాబూల్ నుండి బయలుదేరాడు. సుమారు 10,000 మంది సైనికులు, వారి వెంట 8,000 మంది పనివారు, గుర్రాలు, కంచరగాడిదలు. దూరం మూడు వందల మైళ్లకు పైగా, అంటే ఇంచుమించు 500 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి తిరుపతి వరకు నడిచినంత అనుకోండి. రోడ్డు లేదు. పగలు ఎండ, రాత్రి చలి. ఆగస్టు 9 ప్రాంతంలో బయలుదేరి 31వ తేదీకి కందహార్ చేరారు. ఆ దారిలో సేనానికి వోనోలెల్ వాహనం.

ఆ యుద్ధం మనది కాదు. ఒక సామ్రాజ్యం ఇంకొకరి దేశం మీదికి వెళ్లిన యుద్ధమది. దానిని మెచ్చుకోవడానికి నేను ఈ కథ చెప్పడం లేదు. గుర్రానికి సామ్రాజ్యం తెలియదు, జెండా తెలియదు. దానికి తెలిసినది వీపు మీది బరువు, ముందున్న దారి, సాయంకాలం దొరికే దాణా, ఇంతే. మనం దాని నడకను చూద్దాం.

ఆ ప్రయాణం ఎలా సాగిందో రాబర్ట్స్ తన జీవితచరిత్రలో వివరంగా వ్రాశాడు. తెల్లవారుజామున 2 గంటల 45 నిమిషాలకు మేలుకొలుపు. నాలుగు గంటలకు డేరాలు విప్పి బయలుదేరడం. ప్రతి గంట చివర పది నిమిషాలు ఆగడం. ఉదయం ఎనిమిదింటికి మాత్రం ఇరవై నిమిషాలు ఆగి ఏదో కొంత తినడం. మళ్లీ నడక. దారిలో ఖలాత్-ఇ-గిల్జాయి అనే కోటకు 23వ తేదీన చేరారు. ముందున్న కందహార్‌లో సరుకులు చాలినన్ని ఉన్నాయని కబురు తెలిసింది. వెంటనే రాబర్ట్స్ 24వ తేదీన అందరికీ పూర్తిగా ఒక రోజు విశ్రాంతి ఇచ్చాడు. మనుషులూ పశువులూ కాళ్లు చాపుకున్నారు.

సహోదరులారా, ఈ పది నిమిషాల సంగతి మీరు జాగ్రత్తగా గమనించాలని కోరుతున్నాను. అత్యవసరమైన పని. అవతల ప్రాణాలు పోతున్నాయి. అటువంటప్పుడు కూడా గంటకు పది నిమిషాలు ఆగినవాడే 500 కిలోమీటర్లు చేరాడు. ఆగకుండా తరిమి ఉంటే మూడవ రోజుకే సగం పశువులు దారిలో పడి ఉండేవి. ఆగడం ఆలస్యం కాదు. దూరం వెళ్లదలచినవాడికి ఆగడం కూడా ప్రయాణంలో భాగమే. ఆరు దినములు పని, ఏడవ దినము విశ్రాంతి అని చెప్పిన ఆజ్ఞలో ఎద్దును, గాడిదను కూడా దేవుడు లెక్కలో వేశాడని నిర్గమకాండము 23వ అధ్యాయంలో మనం చదువుకున్నదే గదా.

1881 నుండి 1885 వరకు రాబర్ట్స్ మద్రాసు సైన్యానికి ప్రధాన సేనాధిపతిగా ఉన్నాడు. మన సికింద్రాబాదు దండు ఆ రోజులలో ఆ సైన్యంలోనిదే. తరువాత 1893 వరకు భారత సైన్యమంతటికీ అతడే అధిపతి. ఈ కాలమంతా వోనోలెల్ అతనితోనే ఉంది. మొత్తం 22 సంవత్సరాలలో ఆ గుర్రం తనతో 50,000 మైళ్లకు పైగా తిరిగిందని, ఎన్నడూ జబ్బుపడలేదని యజమాని వ్రాసుకున్నాడు. యాభై వేల మైళ్లంటే భూగోళాన్ని రెండుసార్లు చుట్టినంత.

విక్టోరియా రాణి ఆ గుర్రానికి పతకాలు ఇవ్వడానికి అనుమతించింది. ఆఫ్ఘన్ యుద్ధ పతకం, కాబూల్ నుండి కందహార్ నడకకు ఇచ్చిన నక్షత్రం, 1897లో వజ్రోత్సవ పతకం. ఆ వజ్రోత్సవపు ఊరేగింపులో లండన్ వీధులలో రాబర్ట్స్ ఆ గుర్రం మీదనే వెళ్లాడు. అప్పటికి దాని వయసు పాతికకు దగ్గర. గుర్రానికి అది ముసలితనమే. 1895 నుండి రాబర్ట్స్ ఐర్లండ్‌లో సేనాధిపతిగా ఉన్నందున గుర్రం కూడా డబ్లిన్ చేరింది. 1899 జూన్‌లో అక్కడి కిల్‌మెయిన్‌హామ్ రాయల్ హాస్పిటల్ ఆవరణలో చనిపోయింది. ఆ తోటలోనే పాతిపెట్టి రాయి వేశారు. ఆ భవనంలో 1991 నుండి ఐర్లండ్ ఆధునిక కళల మ్యూజియం నడుస్తున్నది. గుర్రపు సమాధి ఇప్పటికీ ఆ తోటలో ఉంది. అదే సంవత్సరం డిసెంబరులో రాబర్ట్స్ కుమారుడు దక్షిణాఫ్రికాలో కొలెంసో యుద్ధంలో గాయపడి మరణించాడు. జూన్‌లో ఇరవై రెండేళ్ల తోడు, డిసెంబరులో కన్నకొడుకు. పతకాలు ఎన్ని ఉన్నా ఆ ఇంటి దుఃఖం దుఃఖమే.

ఒక పశువుకు ఇంతటి గౌరవం అవసరమా అని కొందరు అడుగుతారు. నా మనసులో ఉన్న ప్రశ్న వేరు. ఈ కథలో కనబడని మనిషి ఎవరు?

ఆ గుర్రానికి తెల్లవారక ముందే లేచి దాణా పెట్టినవాడు ఎవరు? సాయంకాలం దాని కాళ్లు రుద్ది, డెక్కలలో రాళ్లు తీసి, చెమట తుడిచి, నీళ్లు ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు పెట్టకూడదో చూసినవాడు ఎవరు? దొర గుర్రం మీద వెళితే సైసు వెంట నడిచి వెళ్లేవాడు. ఆ కాలపు వాడుక అది. దొర దిగి డేరాలోకి వెళ్లిన తరువాత సైసు పని మొదలయ్యేది. కందహార్ నడకలో చివరి రోజులలో రాబర్ట్స్‌కు జ్వరం వచ్చి డోలీలో వెళ్లవలసి వచ్చింది. ఆ డోలీ మోసిన బోయీలు ఎవరు? ఆ 8,000 మంది పనివారిలో వారూ ఉన్నారు. గుర్రం పేరు రాతి మీద ఉంది. సైసు పేరు, బోయీల పేర్లు ఆ రాతి మీద లేవు. గుర్రానికి గౌరవం ఎక్కువైందని నేను అనను. మనుషులకు తక్కువైందని అంటాను.

సైసు పని ఎంత ముఖ్యమో ఈనాటి ఓర్పు పోటీలు చూస్తే తెలుస్తుంది. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వెండెల్ రోబీ అనే ఆయన ఒక్క రోజులో 100 మైళ్లు గుర్రంపై వెళ్లే పోటీ మొదలుపెట్టాడు. టెవిస్ కప్పు అని దానికి పేరు. ఇప్పుడు అనేక దేశాలలో ఒక రోజులో 160 కిలోమీటర్ల వరకు ఇటువంటి పోటీలు జరుగుతున్నాయి. వాటిలో నాకు నచ్చిన నియమం ఒకటి ఉంది. దారిలో అక్కడక్కడ పశువైద్యులు కూర్చుంటారు. గుర్రం రాగానే దాని గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్కపెడతారు. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకుంటుంది. పరుగెత్తి వచ్చిన గుర్రం గుండె నిర్ణయించిన సమయంలోపల సాధారణంగా 64కు దిగి రావాలి. దిగకపోతే ఆ గుర్రాన్ని ముందుకు పోనివ్వరు. కుంటుతున్నా పోనివ్వరు. అందరికంటె ముందు వచ్చి ఉన్నా సరే, పోటీ అక్కడితో ముగిసినట్టే.

అంతేకాదు. ఆ టెవిస్ పోటీలో మొదట చేరినవారికి ఒక బహుమతి ఉంటే, ముందుగా చేరిన పది గుర్రాలలో అన్నిటికంటె ఆరోగ్యంగా ఉన్నదానికి ఇంకొక బహుమతి ఉంది. 24 గంటలలోపల క్షేమంగా పూర్తిచేసిన ప్రతివారికీ వెండి బిళ్ల ఇస్తారు. అనుభవజ్ఞులైన రౌతులు ఎత్తైన చోట్ల గుర్రం దిగి పక్కనే నడుస్తారు. వాగు కనబడితే ఆగి మెడ మీద నీళ్లు చల్లుతారు. గుర్రం మనలాగే ఒళ్లంతా చెమటోడ్చే జంతువు. చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది. నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కుతోనే తీసుకోవాలి. అలసట మాటలతో చెప్పలేదు. చెవులు వేలాడవేస్తుంది, మేత ముట్టదు. చూసే కన్ను ఉన్నవాడికే తెలుస్తుంది.

మన సంఘ చరిత్రలో ఈ సంగతి బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు. జాన్ వెస్లీగారు. ఆయన జీవితమంతా గుర్రం మీద సువార్త తిరిగిన దూరం రెండున్నర లక్షల మైళ్లని అంచనా. గుర్రం మీద కూర్చుని పగ్గాలు మెడ మీద వదులుగా వేసి పుస్తకం చదువుకుంటూ వెళ్లేవారు. పగ్గం బిగించిన గుర్రం కంటె వదులుగా విడిచిన గుర్రమే తక్కువ తొట్రుపడుతుందని తన అనుభవంగా 1770లో దినచర్యలో వ్రాసుకున్నారు. తన బోధకులకు ఇచ్చిన నియమాలలో గుర్రాన్ని గట్టిగా తరమవద్దని, దాని ఒళ్లు రుద్దారో లేదో, మేత పెట్టారో లేదో, పడుకొనే చోటు వేశారో లేదో స్వయంగా కళ్లతో చూడమని చెప్పారు. ప్రసంగం ఎలా చేయాలో చెప్పిన నోటితోనే ఈ మాట కూడా చెప్పారు. 1781లో ఆయన మూగజీవుల విడుదలను గురించి రోమా పత్రిక 8వ అధ్యాయం ఆధారంగా ఒక ప్రసంగమే వ్రాశారు. నీతిమంతుని గుర్తు ఏమిటో సామెతల గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనంలో ఉంది. ఇంటికి వెళ్లి చూడండి. ఆ గుర్తు అతని పశువు దగ్గర కనబడుతుందట.

ఇప్పుడు మన ఊరి వైపు మళ్లీ వద్దాం. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో మూడు కంచు విగ్రహాలున్నాయి. 1922లో నిలిపారు. మైసూరు, జోధపూర్, హైదరాబాదు సంస్థానాల రౌతు దళాలకు గుర్తు అవి. మొదటి ప్రపంచ యుద్ధంలో మన హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టుకు, అక్కడి నుండి పాలస్తీనాకు వెళ్లారు. మనం బైబిలులో చదివే గాజా, యొర్దాను ప్రాంతాలలో ఆ సైన్యపు గుర్రాలు ఎండలో, ఇసుకలో, కొన్నిసార్లు రోజంతా నీళ్లు లేకుండా నడిచాయి. మనుషులకు విగ్రహాలు నిలిపారు. గుర్రాల సంగతేమిటి?

యుద్ధం అయిపోయిన తరువాత ఆ ప్రాంతంలోని బ్రిటిషు సైన్యం తన గుర్రాలను వేల సంఖ్యలో అక్కడే అమ్మివేసింది. 1930లో డొరొతీ బ్రూక్ అనే స్త్రీ భర్తతో కైరో నగరానికి వచ్చింది. వీధులలో బండరాళ్ల బండ్లు లాగుతున్న ముసలి గుర్రాలను చూసింది. ఒంటి మీద సైన్యపు ముద్ర. ఎముకలు తేలి, కొన్ని గుడ్డివై, కొన్ని కుంటివై ఉన్నాయి. 1931లో ఆమె లండన్ పత్రికకు ఒక ఉత్తరం వ్రాసింది. వచ్చిన చందాలతో మూడు నాలుగేళ్లలో అటువంటి 5,000 గుర్రాలను కొన్నది. చాలా వాటికి ఆమె ఇవ్వగలిగినది కొన్ని రోజుల మంచి మేత, మెత్తని పడక, ఆ తరువాత బాధలేని మరణం. 1934లో కైరోలో ఆసుపత్రి స్థాపించింది. ఆమె పేరుతో ఉన్న సంస్థ ఇప్పుడు మన దేశంలో కూడా పనిచేస్తున్నది. ఒక గుర్రానికి నాలుగు రకాల గౌరవం, వేల గుర్రాలకు బండరాళ్ల బండి. రెండూ ఒకే సైన్యం చేసిన పనులే.

పెద్ద సైన్యాల మాట ఎందుకు, మా ఇంటి మాట ఒకటి చెబుతాను. మా అమ్మ తండ్రి ఈ చాదర్‌ఘాట్‌లోనే జట్కా తోలేవాడు. చాదర్‌ఘాట్ అడ్డా నుండి నాంపల్లి స్టేషనుకు సవారీలు. గుర్రం పేరు మోతీ. రోజూ అదే దారిలో ఎన్నో సార్లు, పన్నెండేళ్లు. ఆ లెక్కన అది నడిచిన దూరం తక్కువేమీ కాదు. తాత చదువుకోలేదు గాని ఆయనకు కొన్ని నియమాలుండేవి. చెమటతో ఉన్న గుర్రాన్ని నిలబెట్టకూడదు, మెల్లగా నడిపించి ఆరనివ్వాలి. ఉలవలు ఉడకబెట్టి చల్లార్చి పెట్టాలి. ముగ్గురు ఎక్కవలసిన చోట నలుగురు ఎక్కుతామంటే కిరాయి పోయినా సరే, ఒప్పుకోకూడదు.

మోతీ ముసలిదైంది. ముందరి కాలు వాచింది. అమ్మేయమని అడ్డాలో అందరూ చెప్పారు. ఇటుకల బట్టీవాళ్లు బేరానికి వచ్చారు. తాత ఇవ్వలేదు. జట్కా మూలపడింది. ఆయన బస్తాలు మోసే కూలికి వెళ్లాడు. రెండేళ్ల పాటు దానికి మేత వేశాడు. మా అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర ఒక మాట అనేది: "మాకు పాలు లేని రోజున కూడా దానికి ఉలవలు ఉండేవిరా." అందులో గర్వం ఉంది, కోపం కూడా ఉంది. ఐదుగురు పిల్లలున్న ఇంట్లో పనికిరాని గుర్రాన్ని పోషించడం సరియేనా? మా అమ్మ చనిపోయే వరకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. నేను కూడా తేల్చి చెప్పలేను. ఒకటి మాత్రం తెలుసు. దయకు ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఎవరో ఒకరి కంచంలో నుండి పోతుంది. ఖర్చు లేని దయను గురించి మాట్లాడడం సులభం. మంచి సమరయుడు కూడా గాయపడినవానిని తన వాహనం మీద ఎక్కించాడంటే తాను నడిచి ఉంటాడు, సత్రంలో డబ్బు కూడా కట్టాడు.

బిలాము గాడిద కథ మీకు తెలిసినదే. దారికి అడ్డంగా నిలిచిన దూత ప్రవక్తకు కనబడలేదు, గాడిదకు కనబడింది. అతడు మూడుసార్లు కొట్టాడు. నోరు వచ్చినప్పుడు ఆ గాడిద అతన్ని శపించలేదు. ఇన్నాళ్లు నిన్ను మోశాను గదా, ఎప్పుడైనా ఇలా చేశానా అని మాత్రమే అడిగింది. ఆ ప్రశ్నకు బిలాము లేదని ఒప్పుకోవలసి వచ్చింది. మనలను మోసినవారందరూ ఏదో ఒక రోజున అదే ప్రశ్న అడుగుతారని నాకు అనిపిస్తుంది.

ఆ ప్రశ్న గుర్రాలతో ఆగదు. ఈ సంఘమును నూరేళ్లు మోసినవారు ఎవరు? ఎండలో పల్లె పల్లెకు నడిచిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు. రాత్రివేళ లాంతరు పట్టుకుని దొరల బండి ముందు నడిచిన మనుషులు. మిషను బండ్లు తోలినవారు, గుర్రాలు కడిగినవారు, గంట కొట్టినవారు, మందిరం ఊడ్చినవారు. వారిలో ఎందరి ఫోటోలు మన దగ్గర ఉన్నాయి? ఎందరి పేర్లు ఉన్నాయి? వారి ముసలితనంలో మనం వారిని కిల్‌మెయిన్‌హామ్ తోటలో ఉంచామా, కైరో వీధిలో వదిలామా? జవాబు ఒక్కొక్క సంఘంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. మీ మీ సంఘం జవాబు మీకే తెలుసు.

చివరగా రెండు చిన్న మనవులు. మొదటిది. మీ ఇళ్లలో వయసుమళ్లిన పెద్దలు ఉంటే, వారు బ్రతికి ఉండగానే కూర్చుని అడగండి. ఫలానా బండి తోలింది ఎవరు, ఫలానా అయ్యగారి గుర్రం చూసింది ఎవరు అని. ఒక నోటు పుస్తకంలో పేర్లు వ్రాసి పాస్టరుగారికి ఇవ్వండి. సంఘపు రిజిస్టర్ల పక్కన ఆ పుస్తకం ఉండాలి.

రెండవది. మన నగరంలో జట్కాలు పోయాయి గాని పెండ్లి ఊరేగింపులకు గుర్రాలను ఇంకా తెస్తున్నారు. లౌడు స్పీకర్ల మధ్య, టపాకాయల మధ్య, తారు రోడ్డు మీద గంటల తరబడి నిలబెడుతున్నారు. 1965లో మన ప్రభుత్వం బరువు లాగే, మోసే పశువుల గురించి నియమాలు చేసింది. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పనిచేయించరాదు. ఐదు గంటలకు మించి విశ్రాంతి లేకుండా పనిచేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుండి 3 వరకు పనికి పెట్టరాదు. మన ఏప్రిల్, మే నెలలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. మీ ఇంటి పెండ్లికి గుర్రం తెచ్చేటప్పుడు దాని కాళ్లు చూడండి, పక్కటెముకలు చూడండి, వీపు మీద పుండ్లున్నాయేమో జీను ఎత్తించి చూడండి. బకెట్టు నీళ్లు పెట్టించండి. గుర్రంతో వచ్చిన మనిషి భోజనం చేశాడో లేదో అడగండి. పెండ్లికొడుకు దిగిన తరువాత అందరూ విందుకు పోతారు. ఆ ఇద్దరూ చీకట్లో ఇంటికి నడవాలి.

నూరేళ్లు చేరిన మనం ఇంకొక నూరేళ్ల దారికి బయలుదేరుతున్నాం. పగ్గం వదులుగా పట్టుకుందాం. గంటకోసారి ఆగుదాం. మనలను మోస్తున్నవారి ఊపిరి ఎలా ఉందో చెవి ఒగ్గి విందాం.

 దేవుడు మనలను, మన కింద నడుస్తున్న సమస్త జీవులను కాపాడును గాక.